చెరకుతోటలో చేతిపనివారు

1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అనే ఓడ చెన్నపట్నం నుండి డర్బన్ రేవు చేరింది. 1911లో ఈ వలస ఆగేనాటికి లక్షా యాభై రెండువేల మంది నేటాల్‌లో దిగారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల నుండి వచ్చిన మన తాతముత్తాతలూ ఉన్నారు.

ఓడ చిట్టాలో ప్రతి మనిషికీ ఒక నంబరు వేసి తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటిమీది మచ్చలు రాసుకున్నారు. ఎవరు మగ్గం నేసేవారో, ఎవరు సారె తిప్పేవారో కులం పేరును బట్టి మనం ఊహించుకోవలసిందే. అన్ని చేతులకూ చెరకు కత్తే ఇచ్చారు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు. వంటవారిని, వడ్డించేవారిని, పోలీసు జవానులను మాత్రం ‘స్పెషల్ సర్వెంట్లు’ అని ఎక్కువ జీతంపై రప్పించుకున్నారు. పనితనం విలువ దొరలకు తెలియక కాదు!

తరువాతి తరానికి ఇంకొక చిక్కు వచ్చింది. 1922 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టంలో రంగు మాట ఎక్కడా లేదు. ఆరో స్టాండర్డు చదివి ఉండాలి, టెక్నికల్ తరగతులకు హాజరు కావాలి, అంతే. మన పిల్లలకు అంతవరకు చదివించే బడులే తక్కువ. టెక్నికల్ స్కూళ్లు వారిని చేర్చుకోవు. తండ్రి దగ్గర వడ్రంగం నేర్చినవాడైనా కాగితం లేనిదే మేస్త్రీ కాలేడు.

ఈ ముడి విప్పే ప్రయత్నం శ్రీనివాస శాస్త్రిగారితో మొదలైంది. భారత ప్రభుత్వ ఏజెంటుగా ఆయన పూనుకోగా 1929లో డర్బన్‌లో శాస్త్రి కాలేజీ వెలిసింది. తరువాత ఏజెంటుగా వచ్చిన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు మనవారు. ఆయన ఇక్కడ ఉండగానే, 1931లో, ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ఆయన పేరే ముందు చెప్పుకోవాలని మాకు ఉన్నా, చదువు విషయంలో పునాది శాస్త్రిగారిదే.

పగలు పనిచేసి సాయంత్రం చదువుకునేవారికి తరగతులు నడిచాయి. 1890లో ఒప్పందం మీద వచ్చి రైల్వేలో మూటలు మోసిన ఎం.ఎల్. సుల్తాన్ గారి విరాళంతో 1946లో టెక్నికల్ కాలేజీ ఏర్పడింది. 1951లో నేటాల్ విశ్వవిద్యాలయం నల్లవారికీ, భారతీయులకూ వైద్య కళాశాల తెరిచింది. అయినా 1956 చట్టం కొన్ని ఉద్యోగాలను జాతిని బట్టి కేటాయించే అధికారం ప్రభుత్వానికిచ్చింది. 1979లో వీహాన్ కమిషన్ నివేదిక తరువాత గాని ఆ కట్టు సడలలేదు.

సుల్తాన్ కాలేజీ నేడు డర్బన్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో భాగం. మీ ఇంటి పెట్టెలో తాతగారి సాయంకాలపు తరగతుల సర్టిఫికెట్ ఉంటే ఉత్సవానికి తీసుకురండి. నకలు తీసుకొని తిరిగి ఇస్తాము.