వాన మురికికి డబ్బు కట్టేదెవరు?

1972లో అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు నిక్సన్ వీటోను తోసిపుచ్చి పరిశుభ్ర జలాల చట్టం తెచ్చింది. అంతకు మూడేళ్ల ముందే క్లీవ్‌లాండ్‌లో కాయహోగా నది మీద పేరుకున్న చమురు తెట్టు అంటుకుని మండింది. అప్పటి పట్టుదలంతా ఫ్యాక్టరీ గొట్టాల మీద, మురుగునీటి మీద. ఊళ్లలో శుద్ధి కేంద్రాలు కట్టడానికయ్యే ఖర్చులో 75 శాతం కేంద్రమే ఇచ్చింది. వాన నీటి సంగతి మాత్రం వెనకబడిపోయింది.

నిజానికి రోడ్డు మీద పడిన వాన రోడ్డునంతా కడిగి తీసుకుపోతుంది. కారిన ఇంజిన్ ఆయిలు, బ్రేకులు అరిగి రాలిన రాగి పొడి, పచ్చికకు చల్లిన ఎరువు, కుక్కల మలం అన్నీ తూముల్లోంచి ఏ శుద్ధీ లేకుండా వాగులో కలుస్తాయి. 1978 నుంచి 1983 దాకా 28 చోట్ల జరిగిన జాతీయ అధ్యయనం ఈ నీటిలో సీసం, రాగి, జింకు ఎంత విరివిగా ఉంటాయో తేల్చింది.

ఆ 28 చోట్లలో సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ ఒకటి. ఆ ఊరు 1974లోనే వాన నీటికి ప్రత్యేక విభాగం పెట్టింది. స్థలం ఎంత పెద్దది, అందులో ఎంత మేర కట్టడాలు లేచాయి అన్నది చూసి రుసుము వేసింది. నీళ్లు ఇంకే నేలను మూసేసినవాళ్లే ఖర్చు భరించాలన్నది చాలా న్యాయమైన ఆలోచన.

1987లో కాంగ్రెస్ మళ్లీ వీటోను, ఈసారి రీగన్‌ది, దాటి వాన కాలువలకూ అనుమతులు తప్పనిసరి చేసింది. 1990లో లక్ష జనాభా దాటిన నగరాలకు, 1999లో చిన్న పట్టణాలకు నిబంధనలు వచ్చాయి. హుకుం వచ్చింది గానీ దాని వెంట సొమ్ము రాలేదు. పైగా శుద్ధి కేంద్రాలకిచ్చే పాత గ్రాంట్లు కూడా అప్పులుగా మారిపోయాయి. బెల్‌వ్యూ లాంటి ఊళ్ల దారి మిగతావాళ్లకు అవసరమైంది అప్పుడే.

ఫిలడెల్ఫియాలో 2010 దాకా ఈ రుసుమును నీటి మీటరు సైజు బట్టి లెక్కకట్టేవారు. కొళాయే లేని పార్కింగ్ స్థలం ఎకరాల కొద్దీ తారు పరుచుకుని ఉన్నా పైసా కట్టేది కాదు. స్థలం విస్తీర్ణం, అందులో నీరు ఇంకని భాగం లెక్కలోకి వచ్చాక ఆ అన్యాయం తగ్గింది. ఇది పన్ను కాదు, రుసుము గనుక ఆస్తి పన్ను మినహాయింపున్న సంస్థలు కూడా కట్టాలి. రాజధాని వాషింగ్టన్‌లో కేంద్ర కార్యాలయాలు ఇది పన్నేనంటూ మొండికేస్తే, 2011 జనవరిలో ప్రత్యేక చట్టం చేసి వాటిచేత కట్టించాల్సి వచ్చింది!

మేరీలాండ్‌లో కథ అడ్డం తిరిగింది. చీసపీక్ అఖాతాన్ని బాగుచేయడానికి 2012లో బాల్టిమోర్‌తో పాటు తొమ్మిది కౌంటీలు ఈ రుసుము వేయాలని రాష్ట్రం శాసించింది. ప్రత్యర్థులు దానికి 'వాన పన్ను' అని పేరు పెట్టారు, ఆ పేరు జనం నోట నానింది. ఫ్రెడరిక్ కౌంటీ ఆస్తికి ఒక్క సెంటు వేసి చేతులు దులుపుకుంది. 2014లో ఆ పన్నును దుయ్యబట్టిన లారీ హోగన్ గవర్నరుగా ఎన్నికయ్యాడు, మరుసటి ఏడు నిర్బంధం ఎత్తేశారు. అఖాతాన్ని శుభ్రం చేయాల్సిన బాధ్యత మాత్రం కౌంటీల నెత్తినే మిగిలింది.

లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఇలాంటి పన్ను వేయాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అయినా 2018 నవంబరులో నెగ్గింది. నీరు ఇంకని నేలకు చదరపు అడుగుకు ఏటా 2.5 సెంట్లు, మొత్తంగా ఏడాదికి సుమారు 28 కోట్ల డాలర్లు. కరువు చూసిన జనానికి సముద్రం పాలయ్యే వాన నీటిని పట్టి దాచడమన్నది అర్థమైంది. మేరీలాండ్‌లో జనానికి బిల్లే కనిపించింది, ఇక్కడ నీళ్లు కనిపించాయి.

అయితే మురికి పుట్టించేవాళ్ల మాటేమిటి? 2010లోనే వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు బ్రేకు ప్యాడ్లలో రాగికి హద్దు పెట్టి, మార్చుకునే భారం తయారీదార్ల మీదే వేశాయి. 2020లో వాషింగ్టన్ రాష్ట్రపు పుజెట్ సౌండ్ ప్రాంతంలోని వాగుల్లో గుడ్లు పెట్టకముందే చచ్చిపోతున్న కోహో సాల్మన్ చేపల గుట్టు బయటపడింది. టైరు పగుళ్లు బారకుండా రబ్బరులో కలిపే 6పీపీడీ అనే రసాయనం ఓజోన్‌తో కలిసి విషమవుతోంది. అదే రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు పొరల గుండా వడకడితే చేపలు బతికాయి. కానీ ప్రతి వీధి పక్కనా అలాంటి పొరలు వేయాలంటే మళ్లీ ఇళ్లవాళ్లే కట్టాలి. 2023 నవంబరులో పసిఫిక్ తీరపు మత్స్యకారుల సంఘాలు 13 టైరు కంపెనీల మీద దావా వేశాయి.