కేతిగాడు, బంగారక్క, మధ్యలో అపు

మొదటే చెప్పేస్తున్నా, నేను సింప్సన్స్ అభిమానిని. ఇంజనీరింగ్ రెండో ఏడు, హాస్టల్లో ఒక సీనియర్ హార్డ్ డిస్కులోంచి మొదటి పది సీజన్లు కాపీ చేసుకున్న రోజు నుంచీ ఇదే వరస. హోమర్ 'డో!' అనగానే ఎందుకు నవ్వొస్తుందో తెలీదు, వస్తుంది అంతే. ఆ అరుపుని 2001లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో కూడా ఎక్కించారు.

రెండేళ్ళ క్రితం ఎనిమిది నెలలు ఆన్‌సైట్‌కి వెళ్ళాను. మొదటి వారంలోనే, లంచ్ టేబుల్ దగ్గర ఒకతనికి సాస్ సీసా అందించాను. అతను తల ఊపుతూ, అపు యాసలో "థాంక్యూ, కమ్ అగైన్" అన్నాడు. అపు అంటే సింప్సన్స్‌లో కిరాణా కొట్టు నడిపే ఇండియన్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ షో నేనూ చూస్తానని చెప్పి ఇంకో డైలాగ్ కూడా వేశాను. ఆ తర్వాత నేను టికెట్ క్లోజ్ చేసినప్పుడల్లా ఆ మాటే. మీటింగ్ అయిపోయి లేచినా ఆ మాటే. మూడో నెలకి నా అసలు పేరు పలకడం తగ్గిపోయింది. అతను చెడ్డవాడేం కాదు. మంచు పడిన రోజు నన్ను కార్లో ఇంటిదగ్గర దింపింది అతనే. కానీ రాత్రి గదికొచ్చాక ఏదో గొంతులో అడ్డం పడ్డట్టుండేది.

ఆ వారం ఫోన్లో మా అమ్మమ్మకి చెప్పాను. మాది గుంటూరు జిల్లా, నరసరావుపేట దగ్గర పల్లె (2022 నుంచి పల్నాడు జిల్లా అనాలి, ఇంకా నోరు తిరగట్లేదు). అమ్మమ్మకి సింప్సన్స్ ఏం తెలుస్తుంది, బొమ్మల షో అని మాత్రం చెప్పా. మొత్తం విని, "మా చిన్నప్పుడు బంగారక్క లాగా అన్నమాట" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగు నెలలు తోలుబొమ్మలాట గురించి దొరికిందల్లా చదివాను. అసలు విషయానికొద్దాం.

మనవాళ్ళకి బొమ్మలాట కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో రాసిన పండితారాధ్య చరిత్రలో, శ్రీశైలంలో శివరాత్రికి జరిగే ఆటల్లో బొమ్మలాటల ప్రస్తావన ఉంది. తెల్లబట్ట తెర కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టి, రంగులద్దిన తోలుబొమ్మల్ని తెరకి ఆనించి ఆడించేవాళ్ళు. తర్వాత్తర్వాత కరెంటు బల్బులొచ్చాయి. కొన్ని బొమ్మలు మనిషెత్తున ఉంటాయి. తాళాలు, మద్దెల, హార్మోనియం.. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళ కింద చెక్కలు దబదబా తొక్కుతారు. సుందరకాండ, మైరావణ చరిత్ర, పద్మవ్యూహం రాత్రంతా సాగేవి. వానలు పడాలంటే విరాటపర్వం.

ఇదంతా భక్తి భాగం. మధ్యమధ్యలో ఇంకో ముఠా దిగుతుంది. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. వీళ్ళు రామాయణంలోనూ లేరు, భారతంలోనూ లేరు. కానీ ఏ కథ ఆడినా ఉంటారు. రావణుడి కొలువులోకైనా సరే, అడక్కుండా దూరిపోతారు. దేవుళ్ళు పద్యాల్లో మాట్లాడితే వీళ్ళు మన ఊరి భాషలో మాట్లాడతారు. చెప్పింది ఒకటైతే వినేది ఇంకోటి. పిలక పట్టుకుని లాగడం, నెత్తి మీద ఫెడీమని మొట్టడం, మొగుడూపెళ్ళాల గోల, మధ్యలో మూడోవాడు, కాసిని బూతులు. ఇంతకీ బంగారక్క ఎవరి పెళ్ళాం అంటే, అది ఆడించే కుటుంబాన్ని బట్టీ, ఊరిని బట్టీ మారిపోతుంది! నిన్న చావు దెబ్బలు తిన్న కేతిగాడు ఇవాళ మళ్ళీ ఏం ఎరగనట్టు వస్తాడు. ఎపిసోడ్ అవగానే అంతా రీసెట్. పదేళ్ళ బార్ట్ ముప్ఫై అయిదేళ్ళు దాటినా పదేళ్ళవాడిగానే ఉన్నట్టు.

ఆలోచిస్తే, ఒక కుటుంబం, తెర మీద కదిలే బొమ్మలు, అవే జోకులు మళ్ళీ మళ్ళీ.. యానిమేటెడ్ ఫ్యామిలీ సిట్‌కామ్ అంటే ఇంకేంటి? అమెరికాలో సింప్సన్స్ మొదలైంది 1989 డిసెంబర్‌లో. మనం కొన్ని వందల ఏళ్ళు ముందున్నాం :)

సరే, అవే జోకులు ఎందుకు తిప్పి తిప్పి వేస్తారు? సోమరితనమా? ఒక ఇంజనీరుగా నాకు నచ్చిన సమాధానం, అది బఫర్. రాత్రంతా ఆడాలి. పాడేవాడి గొంతుకి విశ్రాంతి కావాలి. వెనక హనుమంతుడి బొమ్మలు సర్దుకోవాలి. ముందు కూర్చున్నవాళ్ళకి రెండింటికి నిద్ర ముంచుకొస్తుంది. అప్పుడు కేతిగాడు. అయిదు నిమిషాలు కావాలంటే అయిదు, అరగంట కావాలంటే అరగంట. కొలత లేని సరుకు.

సింప్సన్స్‌లో కూడా అచ్చం ఇదే. మొదట్లో అందరూ పరిగెత్తుకొచ్చి సోఫాలో కూర్చునే సీను ప్రతిసారీ మారుతుంది కదా, ఎపిసోడ్ నిడివి తక్కువైతే దాన్ని పొడుగు చేస్తారు, ఎక్కువైతే కత్తిరిస్తారు. 1993లో వచ్చిన 'కేప్ ఫియర్' ఎపిసోడ్‌లో సైడ్‌షో బాబ్ గడ్డి లాగే రేక్ మీద కాలేస్తాడు, కర్ర లేచి మొహాన్ని కొడుతుంది. ఎపిసోడ్‌కి నిమిషాలు చాలక, ఆ దెబ్బనే తొమ్మిదిసార్లు కొట్టించారు. మొదటిసారి నవ్వొస్తుంది, నాలుగోసారికి విసుగొస్తుంది, ఏడోసారికి విసుగు దాటిపోయి మళ్ళీ నవ్వొస్తుంది. ఇప్పటికీ జనం చెప్పుకునే సీన్లలో అదొకటి. జుట్టుపోలిగాడి పిలక లాగేవాళ్ళకి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు.

మా గుంటూరు జిల్లాలో ఈ కిటుకు తెర దాటి వేదిక మీదకీ వచ్చింది. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. మా జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఆ కళని ఎంత ఎత్తుకి తీసుకెళ్ళారంటే, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. అక్కడా అంతే, కథ బరువెక్కగానే హాస్యపు వంత అడ్డొస్తాడు, జనం ఊపిరి పీల్చుకుంటారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే నాకు చిక్కొచ్చింది. మళ్ళీ మళ్ళీ వేసిన జోకు ఎక్కడికి పోతుంది? తెర దించగానే పోతుందా?

పోదు. అంటుకుంటుంది. దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ఆ బొమ్మలు ఆడించేవాళ్ళే. వీళ్ళు చాలామంది ఇళ్ళల్లో మరాఠీ మాట్లాడతారు, ఎప్పుడో మహారాష్ట్ర వైపు నుంచి వచ్చామని చెప్పుకుంటారు. పరాయి భాషని సొంతం చేసుకుని తెలుగు ఊళ్ళని నవ్వించినవాళ్ళు. పక్కన కర్ణాటకలో ఇదే ఆట ఆడేవాళ్ళ కులం పేరే కిళ్ళేక్యాతలు. కిళ్ళేక్యాత అంటే ఎవరో కాదు, అక్కడి కేతిగాడే! రాముడి బొమ్మ ఆడించారు, సీత బొమ్మ ఆడించారు. జనం మాత్రం వాళ్ళకి బఫూన్ పేరు పెట్టారు. మన దగ్గరా అంతేగా, ఎవణ్ణయినా తిట్టాలంటే 'కేతిగాడు' అంటాం. అన్నవాళ్ళలో ఎంతమంది ఆ బొమ్మని చూశారంటారు?

ఇప్పుడు అపు సంగతి. 1990 ఫిబ్రవరిలో మొదటిసారి కనిపించాడు. పేరు సత్యజిత్ రే సినిమాల్లోంచి తెచ్చారు, గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్లాయన. న్యాయంగా చెప్పాలంటే అపుని రచయితలు ఊరికే బొమ్మలా రాయలేదు. 1996లో ఒక ఎపిసోడ్ ఉంది, మన ఐటీ వాళ్ళు తప్పకుండా చూడాలి. అపు అమెరికా వచ్చింది కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చెయ్యడానికి. చేశాడు కూడా, పంచ్ కార్డుల మీద. చదువు అప్పు తీర్చడానికి కొట్లో చేరి అక్కడే ఉండిపోయాడు, వీసా గడువు దాటిపోయింది, పంపించేస్తారేమో అని భయం. ఇది కామెడీనా, మన పక్క క్యూబికల్ కథా?

కానీ జనంలోకి వెళ్ళింది ఆ డాక్టరేట్ కాదు, ఆ యాస, ఆ నాలుగు ముక్కల డైలాగ్. అప్పట్లో అమెరికా టీవీలో మనవాళ్ళు ఇంకెవరూ పెద్దగా లేకపోవడంతో, స్కూల్లో ప్రతి ఇండియన్ పిల్లాడికీ అదే పేరు. అలా పెరిగినవాళ్ళలో ఒకడు హరి కొండబోలు. న్యూయార్క్ క్వీన్స్‌లో 1982లో పుట్టిన తెలుగు కుర్రాడు, స్టాండప్ కమెడియన్. ఇంటిపేరు చూస్తేనే తెలిసిపోతుందిగా మనవాడని. అతను 2017 నవంబర్‌లో 'ద ప్రాబ్లమ్ విత్ అపు' అని డాక్యుమెంటరీ తీశాడు. కాల్ పెన్, ఇంకో తెలుగు కమెడియన్ అపర్ణా నంచెర్ల లాంటి వాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆ సినిమాలో మాట్లాడటానికి అజారియా ఒప్పుకోలేదు. గమనించాల్సింది ఏంటంటే, హరి కూడా సింప్సన్స్ అభిమానే. మూసెయ్యమని అతను అడగలేదు. తన అమ్మానాన్నల్ని వెక్కిరించే గొంతు మీద ఒక్క మాట అన్నాడు, అంతే.

2018 ఏప్రిల్‌లో షో దీనికి ఒక ఎపిసోడ్‌లో సమాధానమిచ్చింది. ఒకప్పుడు అందరూ నవ్వినదాన్ని ఇప్పుడు తప్పంటే ఏం చేస్తాం అన్నట్టు లీసా చేత అనిపించి, పక్కన అపు ఫొటో చూపించారు. నాకు నచ్చలేదు. అదే నెలలో అజారియా మాత్రం తప్పుకోవడానికి సిద్ధమే అన్నాడు. 2020లో ఆ గొంతు మానేశాడు, 2021లో క్షమాపణ చెప్పాడు. అప్పటి నుంచి అపు దాదాపు మూగవాడే. ఇదీ నాకు పూర్తిగా నచ్చలేదు. డాక్టరేట్ చేసిన మనిషికి ఇంకో గొంతు ఇవ్వొచ్చుగా, గొంతే తీసేస్తే ఎలా?

మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి వస్తా. ఆ మాట ఎందుకందో కిందటి సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అడిగాను. మిరప కోతలప్పుడు బొమ్మలోళ్ళు వచ్చేవాళ్ళట. కల్లాలకి కాపలా ఎటూ ఉండాలి కాబట్టి ఊరంతా మేలుకునే ఉండేది. గోనెసంచులు పరుచుకుని కూర్చునేవాళ్ళు. ఆట మొదలయ్యేలోపు ఊళ్ళో కుర్రాళ్ళు తెర వెనక్కి వెళ్ళి, ఊరి సంగతులు ఆడించేవాళ్ళ చెవిలో వేసేవాళ్ళట. రాత్రి అవి కేతిగాడి నోట్లోంచి వచ్చేవి.

"మనూళ్ళో ఒకామె ఉండేదిరా. మొగుడు పోయాక తనే పత్తి చేలకి పోయేది, మగోళ్ళతో కూలి దగ్గర పోట్లాడేది. ఆ ఏడు బంగారక్కకి ఆమె మాటలన్నీ పెట్టారు. ఆమె నడక, ఆమె తిట్టే తిట్టు.. అచ్చంగా దించేశారనుకో. కేతిగాడు ఎనకమాల పడి కొడతంటే జనం ఇరగబడి నవ్వారు."

"మరి ఆమె?"

"ముందర్లో కూర్చోనుంది. నవ్వింది."

ఆ తర్వాత చనిపోయేదాకా ఊళ్ళో ఆమె పేరు బంగారక్కేనట. పిల్లలు కూడా అలాగే పిలిచేవాళ్ళు. మళ్ళీ ఎప్పుడూ ఆటకి రాలేదట. "నేనూ నవ్వానురా అబ్బాయ్. పిలిచాను కూడా" అని అమ్మమ్మ చేతిలో చిక్కుళ్ళు ఒలుచుకుంటూ ఊరుకుంది.

తిరిగి రావడానికి నెల ముందు, ఆన్‌సైట్‌లో అతనికి చెప్పేశాను, ఆ మాట ఇంక వద్దని. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వూ నవ్వావుగా మొదట్లో" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదప్పుడు. తర్వాత మానేశాడు, పేరు పెట్టి పిలిచాడు. రెండు వారాలు కాస్త ఇబ్బందిగా గడిచి, తర్వాత మామూలైపోయాం.

ఇప్పుడు తోలుబొమ్మలాట రాత్రంతా ఆడించే ఊళ్ళు బాగా తగ్గిపోయాయి. 2020లో అనంతపురం వైపు నిమ్మలకుంటకి చెందిన దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. తోలు మీద బొమ్మలు వేసే చెయ్యి ఇప్పుడు ఎక్కువగా లాంప్‌షేడ్ల మీద బతుకుతోంది. నా టేబుల్ మీద ఒకటుంది, హనుమంతుడు. కేతిగాడిది, బంగారక్కది అమ్మకానికి నాకింతవరకు కనపడలేదు.

నేను సింప్సన్స్ చూడటం మానలేదు. రేక్ సీనుకి ఇప్పటికీ నవ్వుతాను. కేతిగాడి ఆట ఎవరైనా పెడితే సెలవు పెట్టి మరీ వెళ్తాను. కాకపోతే ఒక అలవాటైంది. అందరూ నవ్వుతున్నప్పుడు, ఎవరి మీద జోకు పడిందో ఆ మనిషి వైపు ఒకసారి చూస్తాను. మొన్న మా టీమ్‌లో శ్రీకాకుళం కుర్రాడి యాసని అందరం వెక్కిరిస్తున్నాం. రోజూ ఉండేదే. అతనూ నవ్వుతున్నాడు.

నేను మాత్రం ఆగిపోయాను. అతన్ని పక్కకి పిలిచి అడగాలి.