పొద్దుటి రొట్టెముక్క వెనుక మూడు వందల ఏళ్ళు

జానెడు రొట్టెముక్క, దానిమీద వెన్న, కాస్త జామ్, గిన్నెడు పాల కాఫీ. ఫ్రెంచివాళ్ళ పొద్దుటి ఫలహారం ఇంతే. కాఫీకి తప్ప పొయ్యితో పని లేదు, పది నిమిషాల్లో తినడం కూడా అయిపోతుంది. అంత కొంచెం తిని మధ్యాహ్నం దాకా ఎలా ఉంటారే అని మా అమ్మ యానాం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. 1954 దాకా యానాంలో ఫ్రెంచి పాలన ఉన్నా, మా ఇంట్లో పొద్దున పెసరట్టు, ఇడ్లీలదే రాజ్యం.

ఇదేదో ఆరోగ్యం తెలిసిన పెద్దలు ఆలోచించి పెట్టిన నియమం అనుకుంటారు చాలామంది. కాదు. కూలీల పనిగంటలు, బానిసల చెమట, రొట్టెలు కాల్చేవాళ్ళ నిద్ర కోసం వచ్చిన చట్టం కలిసి దీన్ని తయారుచేశాయి. ఆ కథ తెలిస్తేనే అందులో మనం తీసుకోదగ్గదేమిటో తెలుస్తుంది.

పారిస్‌లో మా పక్కవాటా పెద్దావిడ బ్రిటనీ పల్లెలో పుట్టింది. చిన్నప్పుడు పొద్దున ఏం తినేవారని అడిగితే, "సూపే, ఇంకేముంటుందమ్మా!" అంది. రాత్రి మిగిలిన కూరగాయల సూప్ వేడిచేసి, ఎండు రొట్టె తుంచి అందులో వేసేవారట. మన చద్దన్నం లాంటిదే. పల్లెల్లో రొట్టె రోజూ కాల్చేవారు కాదు. వారానికో రెండు వారాలకో ఒకసారి పొయ్యి వెలిగించేవారు. ఆల్ప్స్ కొండల్లో ఏడాదికి ఒక్కసారే కాల్చుకున్న ఊళ్ళున్నాయి. అంత గట్టిపడిన రొట్టె నానితేగాని నోటికి లొంగదు. ఫ్రాన్స్ పల్లెల్లో శతాబ్దాలపాటు తెల్లవారేది ఈ సూప్‌తోనే.

కాఫీ వచ్చింది తర్వాత. 1669లో పద్నాలుగో లూయీ కొలువుకు ఒట్టోమన్ సుల్తాను పంపిన రాయబారి సులేమాన్ ఆగా, తన బసకు వచ్చిన పారిస్ పెద్దింటి వాళ్ళకు కాఫీ రుచి చూపించాడు. 1686లో సిసిలీ నుంచి వచ్చిన ప్రొకోపియో తన కాఫీ దుకాణం తెరిచాడు. అప్పటికది డబ్బున్నవాళ్ళ ముచ్చట. వందేళ్ళు తిరిగేసరికి అదే కాఫీ వీధిలోకి దిగింది. 1780లలో పారిస్ జీవితాన్ని గ్రంథస్థం చేసిన మెర్సియే రాతల్లో ఆ దృశ్యం ఉంది. తెల్లవారకముందే ఆడవాళ్ళు తగరపు డబ్బాలు వీపున మోసుకొచ్చి, వీధి మలుపుల్లో గుడ్డి లాంతరు పక్కన నిలబడి, మట్టి పాత్రల్లో పాల కాఫీ పోసేవారు. వెల రెండు సూలు, అంటే చిల్లర నాణేలు. చక్కెర అంతంతమాత్రం. పనికి పోయే కూలీలు నిలబడే తాగేసి వెళ్ళేవారు. చవక, కడుపులో నిలుస్తుంది, సాయంత్రం దాకా ఓపిక ఇస్తుంది అని వాళ్ళ నమ్మకం. త్వరగా ముగిసే ఫలహారం అలా కూలీల కాళ్ళ మీద పుట్టింది.

ఆ రెండు సూల చవక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్, అంటే నేటి హైతీ, ఆ దశకంలో ప్రపంచపు కాఫీలో దాదాపు సగం పండించేది. పండించినవాళ్ళు ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. చక్కెర తోటల్లోనూ వాళ్ళే. 1791లో వాళ్ళు తిరగబడ్డారు. 1804లో స్వతంత్ర దేశం కట్టుకున్నారు. పారిస్ పొద్దుటి గిన్నె చరిత్రలో ఈ పేజీ దాటేసి చదవడం అన్యాయం.

1806లో నెపోలియన్ ఇంగ్లండు సరుకును ఐరోపాలోకి రానివ్వకుండా దారులు మూయించాడు. దాంతో కాఫీ, చక్కెర రెండూ కరువయ్యాయి. జనం చికోరీ వేరును వేయించి పొడి చేసి కాచుకున్నారు. ఉత్తర ఫ్రాన్స్‌లో ఆ రుచి ఇప్పటికీ పోలేదు. మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిసే చికోరీ ఇదే. చక్కెర కోసం బీట్ దుంపను పట్టుకున్నారు. 1812లో పాసీలో బీట్ చక్కెర తీస్తున్న డెలెస్సేర్ కర్మాగారానికి వెళ్ళి నెపోలియన్ స్వయంగా అతన్ని సత్కరించాడు.

ఇక రొట్టె. 1789 అక్టోబరులో పారిస్ ఆడవాళ్ళు రొట్టె కోసమే వెర్సాయ్ దాకా నడిచి రాజును నగరానికి రప్పించారు. రొట్టె జోలికొస్తే ప్రభుత్వమే కదులుతుందని ఆ దేశం అప్పుడే నేర్చుకుంది. రొట్టెలవాళ్ళు మాత్రం రాత్రంతా పిండి పిసుకుతూ, పొయ్యి దగ్గర ఆరోగ్యం పోగొట్టుకుంటూ బతికారు. 1919లో వచ్చిన చట్టం రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా వాళ్ళచేత పని చేయించకూడదంది. నాలుగింటికి మొదలుపెడితే పెద్ద రొట్టె ఫలహారం వేళకు అందదు. సన్నగా పొడుగ్గా ఉండే బగెట్ అందుతుంది. సన్నని రొట్టెలు అంతకుముందూ ఉన్నాయి గానీ, ఈ చట్టం వాటికి బాగా కలిసొచ్చింది. 1920లో పారిస్ జిల్లా అధికారులు బగెట్‌కు కనీసం 80 గ్రాముల బరువు, గరిష్ఠంగా 40 సెంటీమీటర్ల పొడవు నిర్ణయించారు.

నేను నర్సుని. రాత్రి డ్యూటీ దిగి వచ్చేటప్పుడు మా వీధి దుకాణంలో "త్రదిసియోన్" రకం బగెట్ ఒకటి తీసుకుంటాను. పైన కత్తి గాట్లు విచ్చుకుని, అంచులు ముదురు గోధుమరంగులో ఉంటాయి. నొక్కితే చిటపటమంటుంది. ఇంటికొచ్చి జానెడు ముక్క కోసి, నిలువునా చీల్చి వెన్న రాస్తాను. కాఫీలో ముంచితే వెన్న కరిగి పైన పసుపు చుక్కలై తేలుతుంది. ఈ రకానికి 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టే ఈస్ట్ లేదా పులిసిన పిండి ఉండాలి. రసాయనాలు కలపకూడదు, ఏ దశలోనూ గడ్డకట్టించకూడదు. 1998 చట్టం ప్రకారం, అక్కడే పిండి కలిపి అక్కడే కాల్చనివాళ్ళు రొట్టెల దుకాణమని బోర్డు పెట్టుకోకూడదు. 2022లో యునెస్కో గుర్తించింది ఈ పనితనాన్నే.

క్రువసాన్ అనే నెలవంక రొట్టె సంగతి వేరు. ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆగస్ట్ జాంగ్ 1830ల చివర పారిస్‌లో పెట్టిన వియెన్నా దుకాణంతో ఆ జాతి వంటకాలకు పేరొచ్చింది. నిండా వెన్నే. నాకు తెలిసిన ఇళ్ళలో అది ఆదివారం తినేది.

పెరుగు ఇక్కడ ఫలహారంలోకి రావడానికి పాశ్చర్ సంస్థలో పనిచేసిన మెచ్నికాఫ్ పరిశోధన దారి వేసింది. పెరుగులోని సూక్ష్మజీవులు మేలు చేస్తాయని ఆయన వాదించాడు. 1929లో డానియెల్ కరాసో పారిస్‌లో పెరుగు వ్యాపారం మొదలుపెట్టాడు.

నర్సుగా ఒక మాట చెప్పాలి. తెల్లపిండి బగెట్, జామ్ కలిస్తే రక్తంలో చక్కెర గబగబా పెరుగుతుంది. అందుకే మా ఇంట్లో మామూలు రోజుల్లో ముడిగోధుమ రొట్టె ముక్క ఒకటి, చక్కెర లేని పెరుగు, ఒక పండు, కాఫీ. అయిదు నిమిషాల పని. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నోటికి విరామం. ఫ్రెంచివాళ్ళ అలవాటులో మెచ్చుకోదగ్గవి ఈ విరామం, ఆ రొట్టె స్వచ్ఛత. ఆ స్వచ్ఛత దానంతటది నిలవలేదు, చట్టం కాపలా కాసింది. మన దేశంలోనూ 2016లో రొట్టెల్లో పొటాషియం బ్రోమేట్ కలపడాన్ని నిషేధించారు. ఇంకా అడగాల్సింది చాలా ఉంది. పొద్దుటి ఫలహారానికి రొట్టె కొంటే ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్ కాక ఇంకో పది పేర్లు కనిపిస్తే దాన్ని అక్కడే పెట్టేయండి. ఆ రోజుకు మన ఇడ్లీయే మేలు.