నవ్విన పాపం

బందరుకి చదువుల ఊరని పేరు. నోబుల్ దొర ఇక్కడ బడి పెట్టింది 1843లో. ర్యాగింగ్ నేరమని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది మాత్రం 1997లో! ఏడిపించి అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు. ఆ బాధతో ప్రాణం తీసుకుంటే యావజ్జీవం దాకా.

ఆ మరుసటి ఏడు గుడివాడ నుంచి రైల్లో బందరు వెళ్లి ఓ కాలేజీలో చదివేదాన్ని. దివిసీమ నుంచి వచ్చిన పిల్లని సీనియర్లు ‘ఉప్పెనమ్మా’ అని ఏడిపించేవారు. అందరితోపాటు నేనూ నవ్వాను. సంక్రాంతికి ఇంటికెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు. 1977 ఉప్పెనలో వాళ్ల తాతా, మేనత్తా కొట్టుకుపోయారని తర్వాత తెలిసింది.

ఏడిపించినవాళ్లకి చట్టం ఉంది. నవ్వినవాళ్లకో?

అందుకే మా అమ్మాయి కాలేజీ నుంచి రాగానే, ‘నిన్నెవరైనా ఏడిపించారా?’ అని అడిగి ఊరుకోను. ‘నువ్వెవర్ని చూసైనా నవ్వావుటే?’ అనీ అడుగుతాను.