జీను తోలు – నూనె ఎంపిక: చారిత్రక పరిశీలన

గుర్రపు జీను, కళ్ళెం, పగ్గాలు, బండి పట్టీలు మొదలైన తోలు సామగ్రికి ఏ నూనె పట్టించాలి? పందొమ్మిదో శతాబ్దపు అశ్వశాల ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానాన్ని ఇరవయ్యో శతాబ్దం చివరికి మ్యూజియాలు పక్కన పెట్టాయి. ఈ మార్పుకు గల కారణాలను, అందులో మన తంగేడుకు ఉన్న పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదును చేసిన చర్మం ఆరేటప్పుడు దాని పోగులు ఒకదానికొకటి అంటుకొని బిరుసెక్కుతాయి. నూనె వాటి మధ్య చేరి, వంచినప్పుడు అవి సులువుగా జారేట్లు చేస్తుంది. ఇంగ్లండులో తడి తోలుకు పశువుల కొవ్వు, కాడ్ చేప నూనె కలిపిన డబ్బిన్‌ను దట్టించేవారు. నీరు ఆరుతున్నకొద్దీ కొవ్వు లోపలికి ఇంకేది. వానకు, చెమటకు, సబ్బుకు తరిగిన ఆ కొవ్వును భర్తీ చేయడం అశ్వశాలల్లో నిత్యకృత్యం.

ఇందుకు అక్కడ పేరుపొందినది నీట్స్‌ఫుట్ నూనె. పశువుల కాళ్ళ ఎముకలను నీటిలో ఉడికించి దీనిని తీస్తారు. గిట్టల నూనె అనుకోవడం పొరపాటు. నడిమి శరీరం కన్నా చల్లగా ఉండే కాళ్ళలోని కొవ్వు కనుక చలిలోనూ త్వరగా గడ్డకట్టదు. అవిసె నూనె గుణం వేరు. గాలి తగిలితే అది గట్టిపడి పొర కడుతుంది కాబట్టి చిత్రకారులకు పనికివచ్చింది, జీనుకు పనికిరాలేదు. మన పల్లెల్లో చెప్పులకు రాసే ఆముదం అలా పొర కట్టదు. రసాయన శాస్త్రం తెలియకుండానే చేసిన ఆ ఎంపిక సరైనదే.

అయితే నూనెకు ముందు తోలు దేనితో పదునైందో తెలియాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ పనికి ముఖ్యమైనది తంగేడు చెక్క. దానితో పదును చేసిన తోళ్ళు ఈస్ట్ ఇండియా తోళ్ళ పేరుతో ఇంగ్లండుకు విస్తారంగా ఎగుమతయ్యేవి. పుస్తకాల బైండింగు తోళ్ళపై లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ 1905లో వెలువరించిన నివేదిక, ఈస్ట్ ఇండియా మేక, గొర్రె తోళ్ళను బైండింగుకు బొత్తిగా పనికిరానివిగా నిర్ణయించి, సుమాక్ ఆకుతో పదునైనవాటిని మెచ్చుకొంది. ఈ తీర్పులో దోషమంతా తంగేడుదే అనలేము. గ్యాసు దీపాల నుండి, బొగ్గు పొగ నుండి వచ్చిన గంధకం తోలులో చేరి ఆమ్లంగా మారేది. తంగేడు టానిన్ దానిని తట్టుకోలేకపోయింది. తోలు ఎర్రటి పొడిగా రాలే ఈ స్థితికి 'రెడ్ రాట్' అని పేరు. అది పుస్తకాలకే పరిమితం కాదు, పాత జీనుల్లోనూ కనిపిస్తుంది.

ఏ నూనే ఈ ఆమ్లాన్ని విరవదు. పొడిబారిన తోలు నూనెను పీల్చి నల్లబడుతుందే తప్ప తిరిగి బలపడదు. అయినా నూనెపై నమ్మకం చాలాకాలం నిలిచింది. లానోలిన్, దేవదారు నూనె, తేనెమైనం, హెక్సేన్ కలిపిన బ్రిటిష్ మ్యూజియం మిశ్రమాన్ని ఎన్నో సంస్థలు వాడాయి. కాలక్రమంలో దుష్ఫలితాలు బయటపడ్డాయి. అధికమైన కొవ్వుకు దుమ్ము అంటుకొంది, తెల్లటి పొర పైకి తేలింది. జీను సామగ్రికి ప్రత్యేకమైన బెడద మరొకటి ఉంది: నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడి బకిళ్ళలోని రాగితో కలిసి ఆకుపచ్చని మైనంలా పేరుకొంటాయి. అందువల్లనే ప్రదర్శనలోని జీనుకు నేడు మెత్తటి కుంచెతో దులపడం, గాలిలో తేమను నిలకడగా ఉంచడం, లోపల ఆధారం అమర్చడం చాలునని భావిస్తున్నారు.

రోజూ గుర్రం మీద వేసే జీనుకు ఈ నియమం వర్తించదు. దానిని శుభ్రం చేసి, కొద్దిగా తడి ఉండగానే నీట్స్‌ఫుట్‌నో ఆముదాన్నో పలుచగా పట్టించవచ్చు. చిక్కంతా అటక మీది జట్కా బండి పగ్గాల వంటివాటితోనే. వాటిని వంచి చూడకూడదు. లోపలి వైపు వేలితో మెల్లగా రాసి చూడాలి. వేలికి ఎర్రటి పొడి అంటితే నూనె జోలికి పోకుండా, ఆల్కహాలులో కరిగించిన హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌తో పొడిని నిలిపే పనిని పరిరక్షణ నిపుణులకు అప్పగించాలి.