పది తలలూ ఒకే ఫిల్ము మీద

లైట్లు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. 1960. మద్రాసులో స్టూడియో ఫ్లోరు. బయట ఉక్క, లోపల అంతకు రెట్టింపు. తల మీద బరువైన కిరీటం, మెడ నిండా హారాలు, నుదుట చెమట. రావణబ్రహ్మ వేషంలో నందమూరి తారక రామారావు వచ్చి తన చోట నిలబడ్డారు. ఇక కదలకూడదు. భుజం దించకూడదు. ఎంతసేపు? ఎవరూ చెప్పలేరు.

కెమెరా వెనక రవికాంత్ నగాయిచ్. ఛాయాగ్రాహకుడిగా ఇదే తొలి సినిమా. లెన్సుకు నల్లటి మాస్క్ అడ్డం పెట్టాడు. ఫ్రేములో కాస్తంత చోటే తెరిచి ఉంది. మిగతాదంతా చీకటి. ఆ కాస్తలో ఒక తల పడాలి. కెమెరా తిరిగింది. ఆగింది. అసలు గండం ఇప్పుడు మొదలైంది.

ఎక్కడ మొదలుపెట్టారో సరిగ్గా ఆ ఫ్రేము దగ్గరికి ఫిల్మును వెనక్కి తిప్పి, మాస్కును వెంట్రుకవాసి తేడా రాకుండా పక్కకు జరిపి, అదే ఫిల్ము మీద ఇంకో తల పట్టి, మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ జరిపి, మళ్లీ పట్టి, ఇలా గంటల తరబడి సాగుతుంటే రామారావు మాత్రం రాతి విగ్రహమై నిలబడే ఉన్నారు. కెమెరా రవ్వంత కదిలితే తలలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. మెడ ఒరిగితే అప్పటిదాకా తీసిన తలలన్నీ దండగ. ఫిల్ము కడిగేదాకా ఏం పడిందో దేవుడికే తెలియాలి.

నిజానికి ఈ సినిమా కె.వి.రెడ్డి తీయాల్సింది. 'మాయాబజార్'లో తాను కృష్ణుడిగా చూపించిన మనిషిని రావణుడిగా ఊహించుకోలేనన్నారాయన. రామారావు వెనక్కి తగ్గలేదు. 1947లో గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో దొరికిన సబ్ రిజిస్ట్రార్ కొలువును మూడు వారాలకే సినిమాల కోసం వదిలేసిన మనిషి. చేతిలో సముద్రాల రాఘవాచార్య రాసిన స్క్రిప్టు ఉంది. దర్శకత్వం తానే తలకెత్తుకున్నారు. అంటే ఈ షాటు చెడితే నెత్తిన చెయ్యి పెట్టుకోవాల్సిన దర్శకుడు కూడా ఆ కిరీటం కిందే బిగుసుకుపోయి నిలబడి ఉన్నాడు!

ఇవాళ అద్దంకిలో ఫ్లెక్సీ డిజైన్ చేసే కుర్రాడికి ఇది పూటపని. నాయకుడి ఫొటో ఒక లేయరు, వెనక రంగులేసిన ఆకాశం ఇంకో లేయరు, ముందు పూలదండ మరొకటి. అంచులు కుదరడానికి వాడే పరికరం పేరు ఇప్పటికీ మాస్కే. ఫొటోషాప్‌లో లేయర్లు వచ్చింది 1994లో. తప్పు పోతే కంట్రోల్ జెడ్. నగాయిచ్‌కి ఆ మీట లేదు. అతని లేయర్లన్నీ ఒకే సెల్యులాయిడ్ ముక్క మీద, ఒకసారి పడితే చెరగనివి. ఆ కుర్రాళ్లకు ఈ కథ ఎవరైనా చెప్పాలి. శ్రీరామనవమికి కళ్లాల్లో మిరపకాయలు ఆరుతుండగా పందిళ్లలో మోగే కల్యాణం పాట ఈ సినిమాదే. పాట అందరికీ తెలుసు. పక్కనే ఉన్న ఈ పది తలలు?

1961 జనవరి 6. 'సీతారామ కల్యాణం' విడుదలైంది. అట్టతలలు కట్టుకున్న రావణుణ్ని నాటకాల్లో చూసిన కళ్లు ఇప్పుడు తెర వైపు తిరిగాయి. కైలాసం కింద రావణుడు. పది తలలు. పదీ రామారావువే, పదీ ప్రాణమున్నవే. ఎక్కడా అతుకు లేదు.

టైటిల్స్‌లో దర్శకుడి పేరు వెయ్యలేదు. సినిమాను రామారావు తల్లిదండ్రులకు అంకితమిచ్చారు. ఛాయాగ్రాహకుడిగా మాత్రం రవికాంత్ నగాయిచ్ పేరు పడింది. ట్రిక్ షాటు అనగానే నిర్మాతలు అతని కోసం వెతకడం మొదలుపెట్టారు. 1967 నాటికి అతను బొంబాయిలో 'ఫర్జ్' దర్శకుడు.