ఖారూన్ ఒడ్డు బూడిద

మా తాతయ్యది విజయనగరం. 1931లో రాయపూర్ రైలు మార్గం పూర్తయ్యాక పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మన పోలాల అమావాస్య నాడే ఇక్కడ పోరా పండుగ. ఆ రోజు కుమ్మరుల దగ్గర అన్నయ్యకు చక్రాల ఎద్దు, నాకు జాతా-పోరా కొనేవారు. జాతా అంటే బుల్లి తిరగలి, పోరా అంటే బుల్లి కుండలు. ఆ కుండల్లో వేలు పెడితే ఆవం బూడిద అంటుకునేది.

ఆ బూడిదే గ్లేజు, అంటే గాజుపూత, అవుతుందని పెద్దయ్యాక తెలిసింది. మూడున్నర వేల ఏళ్ళ కిందట చైనాలో, కొలిమిలో ఎగిరిన కట్టెల బూడిద కుండల భుజాల మీద పడి, కరిగి గాజులా మెరిసింది. అందుకు 1,200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. మన ఆవంలో 700 నుంచి 900. ఇక్కడి ఎర్రమట్టి 1,200కు చేరకముందే కూలిపోతుంది. అలాగని మన కుమ్మరికి పనితనం తక్కువ అంటే నేను ఒప్పుకోను. కుండ చెమర్చబట్టే కదా నీళ్ళు చల్లబడేది! గాజుపూత పూస్తే ఆ చలువ పోతుంది.

మన దేశంలో ఆ ఎక్కువ వేడిలో కాల్చే స్టోన్‌వేర్‌కు ఊపు తెచ్చినవాటిలో 1971లో పుదుచ్చేరిలో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఒకటి. నేను ఆ దారిలోనే నడుస్తూ, బూడిద మాత్రం మా ఊరి ఖారూన్ నది ఒడ్డు నుంచి తెచ్చుకుంటాను. వరి ఊక బూడిదలో నూటికి తొంభై పాళ్ళు సిలికాయే, ఒక్కటే అయితే కరగదు. మహాదేవ్ ఘాట్ దగ్గర నీటిని కప్పేసే గుర్రపు డెక్క బూడిదలో పొటాష్ ఎక్కువ, అదే కరిగిస్తుంది. బస్తాడు పచ్చి డెక్కను ఎండబెట్టి కాలిస్తే దోసెడు బూడిద. తడిపితే ఆ నీళ్ళు చేతులు మండిస్తాయి.

డెక్క దక్షిణ అమెరికా మొక్క. మురుగులోని ఎరువునూ లోహాలనూ పీల్చుకుని బతుకుతుంది. ఊరు తాగే నీళ్ళూ ఈ నదివే. అందుకే తేడా చూద్దామని నగరానికి ఎగువన ఒక బస్తా, దిగువన ఒక బస్తా కోసుకొచ్చి, ఒకే కొలతతో రెండు గిన్నెలు పూశాను. ఎగువది తేనెరంగులో పల్చగా పరుచుకుంది. దిగువది కిందికి జారి, గిన్నె అడుగున నల్లగా మడుగు కట్టింది.